ఉప్పు నేల, రేగడి నేల

"గడ్డపారతో నేల చూడటానికి ఇది మీ ఊరు కాదు" అన్నాడు కన్సల్టెంట్ తరఫు ఇంజనీరు, లేబర్ అందరి ముందు. షార్జాలో మేం పని చేస్తున్న బేస్‌మెంట్ గుంతలో బెడ్ కాంక్రీట్ వేసే ముందు ఒక మూల నేల మెత్తగా అనిపించి రాడ్ దించి చూశాను. నేలను ఎంత గట్టిగా అదిమారో చెప్పే కంపాక్షన్ రిపోర్టు ఆయన చేతిలో ఉంది, పాసైంది. రిపోర్టు ప్రకారమే బెడ్ వేశాం. బిల్డింగంతటికీ కలిపి పలకలా పోసే అంత మందం రాఫ్ట్ పునాది కింద ఆ చిన్న మూల వల్ల ఏమీ కాదని నాకూ తెలుసు. పని గురించి నాకు బాధ లేదు. "మీ ఊరు" అన్న తీరు మాత్రం రూముకు వచ్చాక కూడా వదల్లేదు.

మాది నడిగడ్డ. ఇటు కృష్ణ, అటు తుంగభద్ర, మధ్యలో మేము. ఒకే ఊళ్లో ఒక దిక్కు ఎర్ర చెల్క, ఇంకో దిక్కు నల్లరేగడి. చెల్కలో కొంచెం తవ్వితే మొరం వస్తుంది, ఇంకా పోతే బండ. గడ్డపార ఖంగుమంటే పునాది రాయి పెట్టొచ్చు. రేగడి అట్లా కాదు. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వానలు పడితే ఉబ్బి పైకి లేస్తుంది. పెద్ద బిల్డింగైతే తన బరువుతో కొంత అణిచిపెడుతుంది. ఒక్క అంతస్తు ఇల్లు అణచలేదు. తలుపులు బిగుసుకుపోతాయి, కిటికీ మూలల నుంచి పగుళ్లు ఏటవాలుగా పైకి పోతాయి. ఇది మా పాత మేస్త్రీలకు ఏ కాలేజీ చెప్పలేదు, పగిలిన గోడలే చెప్పినయి. తవ్విన మట్టిని పిడికిట్లో పిసికి చూసేవాళ్లు. చేతికి జిగురుగా అంటితే ఇంకా తవ్వమనేవాళ్లు. మొరం దొరికాకే రాయి. అంత లోతు పోలేకపోతే వేరేచోటి నుంచి మొరం తెచ్చి పోసి, నీళ్లు పట్టి, దిమ్మిసతో కొట్టించేవాళ్లు. ఆ గడ్డపారే వాళ్ల ల్యాబ్.

పాలమూరు లేబర్ అంటే దేశంలో డ్యాములు కట్టిన చేతులు. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ మన నల్గొండ పక్కనే ఉంది. అది రాతికట్టడం. మనుషులు నెత్తిన మోసి, చేత్తో పేర్చి కట్టింది. గుంపు మేస్త్రీల అడ్వాన్సు తీసుకుని ఊళ్లకు ఊళ్లే కదిలిపోయిన జిల్లా మాది. అలాంటి చోటినుంచి వచ్చినవాడికి నేల తెలియదంటే కోపం రాకుండా ఎట్లా ఉంటుంది?

అయినా ఇక్కడి పద్ధతిని నేను తక్కువ చెయ్యను. ఈ తీరం నేల మన చౌడు నేల లాంటిదే, కాకపోతే ఉప్పు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. మా గుంతలో రెండు మీటర్లు తవ్వకముందే నీళ్లు ఊరాయి, సబ్‌ఖా అనే తీరపు పర్రల్లో ఆ నీళ్లు సముద్రం కంటే ఉప్పగా ఉంటాయి. అందులో సల్ఫేట్లు సిమెంటును తింటాయి, క్లోరైడ్లు లోపలి ఇనుమును తింటాయి. తుప్పు పట్టిన రాడ్ ఉబ్బి కాంక్రీట్‌ను పగలగొడుతుంది. అందుకే బోర్‌హోల్ వేసి మట్టినీ నీళ్లనూ ల్యాబ్‌కు పంపాకే కాంక్రీట్‌లో ఏది ఎంత కలపాలో లెక్కకట్టే మిక్స్ డిజైన్ చేస్తారు. మా మిక్స్‌లో సిమెంటు కంటే స్లాగే (ఇనుము కొలిమిలో మిగిలే చిట్టెం పొడి) ఎక్కువ, దాంతో ఉప్పునీళ్లు లోపలికి దిగే సందులు తగ్గుతాయి. పునాదిలో ఇనుము మీద 75 మిల్లీమీటర్ల కాంక్రీట్ కవర్, బయట చుట్టూ నీళ్లు దిగకుండా మెంబ్రేన్ పొర. ఎండాకాలం మిక్స్‌లో కొన్ని నీళ్లకు బదులు ఐసు ముక్కలు వేసి రాత్రిపూట పోస్తాం. ట్రక్కులో కాంక్రీట్ 32 డిగ్రీలు దాటి వస్తే వెనక్కి పంపడమే. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని రూలుంది. దానికి మాత్రం చేతులెత్తి మొక్కుతాను.

కానీ వీళ్లు కూడా పుట్టుకతో నేర్చుకుని రాలేదు. 1970ల్లో గల్ఫ్‌లో హడావిడిగా కట్టిన బిల్డింగులు చాలా వరకు కొద్ది ఏళ్లకే పాడయినయి. ఉప్పు కలిసిన ఇసుక, ఉప్పు నీళ్లు, చాలీచాలని కవర్, వేరే చల్లని దేశాల లెక్కలు. పగిలాక నేర్చుకున్నారు. మా మేస్త్రీలు కూడా అట్లాగే నేర్చుకున్నారు. తేడా ఏమిటంటే వీళ్లు నేర్చుకున్నది కాగితం మీద పెట్టారు, ఆ కాగితానికి డబ్బు కట్టేవాడు ఉన్నాడు. మావాళ్లు నేర్చుకున్నది వాళ్లతోనే పోతున్నది.

నాకు నిజంగా నొప్పి ఇక్కడ ఉంది. ఇప్పుడు మా దిక్కు గడ్డపార పట్టి చూసే మేస్త్రీ లేడు, ల్యాబ్ రాలేదు. కాంట్రాక్టర్ దగ్గర ఒకటే డ్రాయింగ్ ఉంటుంది. బండ మీద కట్టినా, రేగడిలో కట్టినా అదే అయిదడుగుల ఫుటింగ్. హుజూర్‌నగర్, మట్టంపల్లి దిక్కు సున్నపురాయితో మన దగ్గరే సిమెంటు తయారవుతుంది. సిమెంటుకు కొదవ లేదు. కింద ఏముందో చూసే ఓపికకే కొదవ. రేగడి కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్‌ఐ వాళ్లు, నేలలోకి లోతుగా దించే, కింద గుండులా ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్ అనే కాంక్రీట్ స్తంభం ఎప్పుడో తయారుచేసి పెట్టారు. పైన బీమ్‌కూ నేలకూ మధ్య 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి, మట్టి ఉబ్బితే ఆ ఖాళీలోకి ఉబ్బుతుంది. ఇంత మంచి పద్ధతి మన దేశంలోనే ఉండి, మా మండలంలో ఒక్క ఇంటికి వేయగా నేను చూడలేదు.

మానవపాడు దగ్గర తమ్ముడు ఇల్లు మొదలుపెట్టాడు. వీడియో కాల్‌లో గుంత చూపించాడు.

"అన్నా, అందరూ అయిదడుగులే తీస్తున్నరు. నువ్వేంది, ఇంకా తియ్యమంటవు?"

"మొరం తగిలిందా?"

"లేదన్నా, నల్లమన్నే వస్తున్నది."

"అయితే తియ్యమను. మట్టి పిడికిట్లో పట్టి చూడు, జిగురు పోయేదాకా తియ్యమను."

బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి టెస్టుకు ఇమ్మన్నాను. ఇనుము ఉన్న కాంక్రీట్‌కు లీటరులో 500 మిల్లీగ్రాముల క్లోరైడ్ దాటకూడదని మన దేశపు కాంక్రీట్ ప్రమాణాల పుస్తకం ఐఎస్ 456లోనే ఉంది. స్లాబ్ మీద మళ్లు కట్టి నీళ్లు నిలపడం అమ్మ చూసుకుంటుంది, ఆ విషయంలో నాకు టెన్షన్ లేదు. ఇక్కడ తడి గోనెపట్టా కప్పి, పైన పాలిథిన్ పరిచి చేసే క్యూరింగ్ కంటే అమ్మ మళ్లలో నిలిపే నీళ్లే మేలని ఏ ఇంజనీరు ముందైనా అంటాను. పది రోజులు ఆపొద్దని మాత్రం చెప్పాను. వాననీళ్లు గోడ మొదట్లో నిలవకుండా చుట్టూ చప్టా వాలుగా పోయించమన్నాను.

జేసీబీకి, మొరానికి పెరిగిన ఖర్చు నేను పంపుతాను, టైల్స్ వచ్చే ఏడాది వేసుకుందాం అన్నాను. తమ్ముడు సరేనన్నాడు. మరదలు ఇంకా ఒప్పుకోలేదు.