అమ్మమ్మ గొంతు బరువెక్కింది

ఆదివారం, రాత్రి 10 దాటింది.

పొద్దున్నుంచీ ముసురే. కాలవకి నీళ్ళొచ్చి సార్వా ఊడుపులు జోరందుకున్నాయి. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని చేలవైపే చూస్తోంది. పోయినేడు తను పాడగా రికార్డరులో పట్టిన ఊడుపు పాట వినిపించాను.

"ఎవర్రా పాడేది? జలుబు చేసినట్టుంది."

"నువ్వే అమ్మమ్మా."

"నా గొంతు నాకు తెలీదేంట్రా నాన్నా? ఇది కాదు."

నిజమే, గొంతు లావెక్కింది, పాట నడక కూడా ఈడ్చుకుపోతోంది. పాటలు కత్తిరించడానికి బ్రౌజర్లో నడిచే చిన్న పేజీ ఒకటి నేనే రాసుకున్నాను. ఆ పేజీలో వింటే పాట బాగానే ఉంది. దాంట్లోంచి దింపుకున్న వేవ్ ఫైలే తేడాగా ఉంది. పాత కంప్యూటర్లో ఇదే పేజీతో దింపినవి శుభ్రంగా ఉండేవి, అందుకే మధ్యాహ్నమంతా తప్పు ఎక్కడెక్కడో వెతికాను.

చివరికి నిడివి చూస్తే దొరికింది. సరిగ్గా 4 నిమిషాల పాట 4 నిమిషాల 21 సెకన్లకు సాగింది. 261ని 240తో భాగిస్తే 1.088. ఈ ల్యాప్‌టాప్ సౌండు రేటు 48,000ని రికార్డరు రేటు 44,100తో భాగించినా అంతే! కరెంటు పోయి ఇల్లంతా చీకటైనా లేవబుద్ధి కాలేదు.

రికార్డరు సెకనుకి 44,100 శాంపిళ్ళు, అంటే శబ్దాన్ని కొలిచిన అంకెలు, పట్టింది. బ్రౌజర్లో ఫైలుని శాంపిళ్ళుగా విప్పే డీకోడ్‌ఆడియోడేటా మాత్రం ఫైలు రేటును అలాగే ఉంచదు, తను నడుస్తున్న ఆడియోకాంటెక్స్ట్ (బ్రౌజర్లో శబ్దం పనులు జరిగే చోటు) రేటుకి మార్చేసి ఇస్తుంది. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే ఆ కాంటెక్స్ట్ సౌండ్ పరికరం రేటునే తీసుకుంటుంది. పాత కంప్యూటర్లో అది 44,100, ఈ ల్యాప్‌టాప్‌లో 48,000. నేనేమో వేవ్ ఫైలు మొదట్లో దాని వివరాలుండే హెడర్లో 44,100 అని గట్టిగా రాసిపెట్టాను. సెకనుకి 48,000 చొప్పున ఉన్న శాంపిళ్ళను 44,100 చొప్పున వాయిస్తే పాట సాగుతుంది, శ్రుతి హార్మోనియం మీద ఒకటిన్నర మెట్టు దిగుతుంది.

విప్పిన శాంపిళ్ళుండే బఫర్ చెప్పే శాంపిల్ రేటునే హెడర్లో రాస్తే సరిపోతుంది. కానీ దాచుకోవాల్సిన గొంతు ఇది, ఊరికే రేటు మార్చడం నాకిష్టం లేదు. బఫర్ని అడిగితే మార్చిన రేటే చెబుతుంది. అందుకని ముందు వేవ్ హెడర్లో 24వ బైటు నుంచి నాలుగు బైట్లు చదివి అసలు రేటు తెలుసుకుని, అదే రేటుతో, సౌండ్ పరికరంతో పనిలేని ఆఫ్‌లైన్‌ఆడియోకాంటెక్స్ట్ తెరిచి డీకోడ్ చేయించాను. ఇక మార్పిడే లేదు.

దీపాల వేళకి మళ్ళీ వినిపించాను. ఈసారి ఏమీ అనలేదు. రెండో చరణం దగ్గర తనూ అందుకుంది, శ్రుతి కలిసింది.

పిన్నికి పంపిన మూడు పాటలు కూడా ఈ ల్యాప్‌టాప్‌లో కత్తిరించినవే. వాటి హెడర్లో రేటు 48,000 అని దిద్ది, దాని పక్కనే ఉండే సెకనుకి బైట్ల లెక్క కూడా సరిచేస్తే చాలు, లోపలి శాంపిళ్ళను ముట్టుకోనక్కర్లేదు. రేపు పొద్దున్నే ఆ పని చేసి మళ్ళీ పంపాలి.