ప్రపంచ క్వాంటం దినోత్సవం రోజున బల్ల మీద ఏం పెట్టాలి

ఏటా ఏప్రిల్ 14న ప్రపంచ క్వాంటం దినోత్సవం. మొదటిసారి ప్రపంచమంతటా జరిపింది 2022లో. ఆ తేదీ ప్లాంక్ స్థిరాంకం నుంచి వచ్చింది. కాంతి రేణువు, అంటే ఫోటాన్, శక్తిని దాని పౌనఃపున్యంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. ఎలక్ట్రాన్‌వోల్ట్ సెకన్లలో దాని విలువ 4.1357×10⁻¹⁵. కుదిస్తే 4.14, అంటే నాలుగో నెల, పద్నాలుగో తేదీ. 1925లో క్వాంటం మెకానిక్స్‌కి పునాది వేసిన హైజెన్‌బర్గ్ పేపర్ వచ్చి నూరేళ్లయిన సందర్భంగా ఐక్యరాజ్యసమితి 2025ని అంతర్జాతీయ క్వాంటం సైన్స్, టెక్నాలజీ సంవత్సరంగా ప్రకటించింది. అప్పటినుంచి ఈ దినోత్సవానికి ఏదో ఒక కార్యక్రమం పెడదామనుకునేవాళ్లు చాలాచోట్ల కనిపిస్తున్నారు. వాళ్లకి పనికొచ్చేలా, బల్ల మీద ఏం పెట్టాలి, ఏది ఎక్కడ చెడుతుంది అన్నది ఇక్కడ రాస్తున్నాను.

ఒక ఉపన్యాసం, పిల్లి బొమ్మతో నాలుగు పోస్టర్లు, క్వాంటం కంప్యూటర్‌ని చల్లబరిచే బంగారు రంగు యంత్రం ఫొటో ఒకటి పెట్టి ముగించే కార్యక్రమాలే ఎక్కువ. వచ్చినవాళ్లు తల ఊపి వెళ్లిపోతారు. వాళ్ల చేత ఏదో ఒకటి కొలిపించాలన్నది నా గట్టి అభిప్రాయం. ఒక్క బల్లకే చోటుంటే, ఆ రోజుకి పేరు తెచ్చిన 4.14నే కొలిచే బల్ల పెట్టండి. దానికి ల్యాబ్ అక్కర్లేదు, ఎల్‌ఈడీలు చాలు.

ఒక్కో బల్లకి కావలసినవి: 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీలు ఐదు (940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్, 630 ఎరుపు, 590 పసుపు, 525 పచ్చ, 470 నీలం), 9 వోల్టుల బ్యాటరీ, 1 కిలోఓమ్ పొటెన్షియోమీటర్, 1 కిలోఓమ్ రెసిస్టర్, బ్రెడ్‌బోర్డు, రెండు మల్టీమీటర్లు. పొటెన్షియోమీటర్ రెండు చివరలని బ్యాటరీ రెండు కొసలకి కలపండి. మధ్య కాలు నుంచి రెసిస్టర్‌కి, అక్కణ్నుంచి ఎల్‌ఈడీ పొడుగు కాలికి వైరు వెళ్తుంది. పొట్టి కాలు బ్యాటరీ నెగటివ్‌కి. రెసిస్టర్ ఉంది కాబట్టి ఏ పిల్లాడో నాబ్ చివరిదాకా తిప్పేసినా కరెంటు 8 మిల్లీఆంపియర్లు దాటదు, ఎల్‌ఈడీ కాలదు.

ఒక మీటరు రెసిస్టర్‌కి అటూ ఇటూ, రెండోది ఎల్‌ఈడీకి అటూ ఇటూ. మొదటి మీటరు 0.100 వోల్టులు చూపించేదాకా నాబ్ మెల్లగా తిప్పాలి. 1 కిలోఓమ్ మీద 0.1 వోల్టు అంటే 0.1 మిల్లీఆంపియర్. అప్పుడు రెండో మీటరు చూపించేది రాసుకోవాలి. మొదటి మీటరు 0.09 దగ్గరో 0.11 దగ్గరో ఆగినా ఎల్‌ఈడీ వోల్టేజీ కొద్ది మిల్లీవోల్టులే మారుతుంది, కాబట్టి అక్కడ మరీ కుస్తీ పట్టక్కర్లేదు. అయిదు ఎల్‌ఈడీలకీ ఇదే.

‘ఎల్‌ఈడీ వెలగడం మొదలైన క్షణంలో వోల్టేజీ రాసుకోండి’ అని చాలా వర్క్‌షీట్లలో ఉంటుంది. అలా చెయ్యకండి. మన కంటికి పచ్చ రంగు మీద ఉన్న పట్టు నీలం మీద, ముదురు ఎరుపు మీద ఉండదు. గదిలో వెలుతురు ఎక్కువైతే లెక్క ఇంకా మారిపోతుంది. ఒక్కో ఎల్‌ఈడీని ఒక్కో కరెంటు దగ్గర చూసినట్టవుతుంది, గీత వంకర పోతుంది. పైగా ఇన్‌ఫ్రారెడ్ కంటికి కనపడనే కనపడదు. అది వెలుగుతోందో లేదో చూడాలంటే నాబ్ కాస్త పెంచి, ఫోన్ ముందు కెమెరాలోంచి చూపించండి. చాలా ఫోన్లలో తెల్లగానో ఊదాగానో కనిపిస్తుంది. వెనక కెమెరాకి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టర్ గట్టిగా ఉండటం మామూలే, అక్కడ కనపడకపోతే ఎల్‌ఈడీ పోయిందనుకోకండి.

ఇక గ్రాఫు. అడ్డంగా పౌనఃపున్యం, 10¹⁴ హెర్ట్‌జ్‌లలో: 940కి 3.19, 630కి 4.76, 590కి 5.08, 525కి 5.71, 470కి 6.38. నిలువుగా వోల్టేజీ. ఎల్‌ఈడీ వోల్టేజీ అది వదిలే ఫోటాన్ శక్తిని బట్టి ఉంటుంది కాబట్టి, చుక్కల మధ్యగా స్కేలుతో గీత గీస్తే దాని వాలే మనకి కావలసిన సంఖ్య. ఉదాహరణకి ఎరుపుకి 1.70, నీలానికి 2.45 వోల్టులు వచ్చాయనుకుందాం. తేడా 0.75. దాన్ని 1.62×10¹⁴తో భాగిస్తే 4.63×10⁻¹⁵. అసలు విలువకన్నా 12 శాతం ఎక్కువ. ఇన్‌ఫ్రారెడ్‌కి 1.05 వచ్చిందనుకుని దాన్నుంచి నీలందాకా గీస్తే 1.40ని 3.19×10¹⁴తో భాగించాలి, 4.39×10⁻¹⁵ వస్తుంది. తేడా 6 శాతానికి దిగింది. రెండు చివరల మధ్య దూరం పెరిగేకొద్దీ చిన్న చిన్న తప్పుల బరువు తగ్గుతుంది. కంటికి కనపడని ఆ ఎల్‌ఈడీని జాబితాలో చేర్చింది అందుకే.

ఒక్క ఎల్‌ఈడీతోనే లెక్క తేల్చేద్దామని కొందరు చూస్తారు. అదే ఎరుపు ఎల్‌ఈడీ 1.70ని 4.76×10¹⁴తో భాగిస్తే 3.57×10⁻¹⁵ వస్తుంది, బాగా తక్కువ. ఇంత చిన్న కరెంటు దగ్గర ఫోటాన్‌కి కావలసిన శక్తిలో కొంత ఎలక్ట్రాన్ల వేడి చలనం నుంచే అందుతుంది, బ్యాటరీ ఇచ్చేది ఆ మేరకి తగ్గుతుంది. ఈ తరుగు ఎల్‌ఈడీలన్నిటికీ దాదాపు ఒకేలా ఉంటే గీత మొత్తం కిందికి జరుగుతుందే తప్ప వాలు మారదు. దాదాపు అన్నాను, ఎందుకంటే ఎరుపు, నీలం ఒకే పదార్థంతో చేసినవి కావు. ఆ మిగిలిన 6 శాతంలో కొంత అక్కడిదే. ఈ మాట వచ్చినవాళ్లకి దాచకుండా చెప్పాలి. 2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకం విలువని 6.62607015×10⁻³⁴ జౌల్ సెకన్లుగా ఖాయం చేసేశారు, ఇక అది మారదు. మన బల్ల మీద కనిపించే తేడా అంతా మన ఎల్‌ఈడీలది, మన కొలతది.

ఇక్కడ చెడేవి కొన్ని ఉన్నాయి. తెల్ల ఎల్‌ఈడీ వాడకూడదు. అది నిజానికి నీలం చిప్పు, పైన పసుపు ఫాస్ఫర్ పూత. గులాబీ రంగుదీ ఇదే కథ. పచ్చతో ఇంకో చిక్కు: పాత రకం పచ్చ ఎల్‌ఈడీ 565 నానోమీటర్ల చుట్టుపక్కల వెలుగుతుంది, కొత్త రకం 525 దగ్గర. రంగు ప్లాస్టిక్ బుడ్డిలో ఉంటే రెండూ ఒకేలా అనిపిస్తాయి. డేటాషీటు లేకపోతే కాంతిని రంగులుగా విడదీసే, మిల్లీమీటరుకి 500 గీతల గ్రేటింగ్ కంటి ముందు పెట్టుకుని, 1 మీటరు దూరంలో పెట్టిన ఎల్‌ఈడీని చూడండి. ఎల్‌ఈడీ పక్కనే అడ్డంగా ఒక స్కేలు ఉంచండి. 525 అయితే మొదటి పట్టీ దానికి 27 సెంటీమీటర్ల పక్కగా కనిపిస్తుంది, 565 అయితే 29 దాటుతుంది. అందుకే రంగు బుడ్డివి కాక నీళ్లలా తేటగా ఉండే ఎల్‌ఈడీలే తెచ్చుకోవడం మేలు. డేటాషీటులో రెండు తరంగదైర్ఘ్యాలుంటాయి, ఒకటి కాంతి గరిష్ఠంగా ఉన్నచోటిది, ఇంకోటి కంటికి కనిపించే రంగుది. అన్నిటికీ మొదటిదే తీసుకోండి.

అన్నిటికన్నా తరచుగా జరిగే ప్రమాదం మాత్రం మల్టీమీటర్‌ది. ఎవరో ఎర్ర ప్రోబుని కరెంటు సాకెట్‌లోకి మార్చి, తిరిగి వోల్టేజీ కొలవబోతారు. మీటరు లోపల ఫ్యూజు ఎగిరిపోవచ్చు, ఆ తర్వాత వచ్చిన పదిమందికీ ‘మీటరు పనిచెయ్యట్లేదు’ అనే తెలుస్తుంది. ఉదయమే ఆ సాకెట్ల మీద టేపు అంటించెయ్యండి.

ప్రతి గుంపు కొలతలనీ గోడ మీద ఒకే పెద్ద గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టిస్తే ఇంకా మంచిది. మధ్యాహ్నానికల్లా ఏ ఎల్‌ఈడీ లేబుల్ తప్పో ఆ కాగితమే చెప్పేస్తుంది.

పక్కన చిన్న చోటుంటే, ఒక్క దిశలో కంపించే కాంతినే వదిలే పోలరాయిడ్ షీట్లు మూడు పెట్టొచ్చు. రెండింటిని అడ్డంగా, నిలువుగా పెడితే చీకటి. వాటి మధ్యలో మూడోదాన్ని 45 డిగ్రీల్లో దూరిస్తే వెలుగు తిరిగొస్తుంది, మొదటి షీటు దాటిన కాంతిలో నాలుగో వంతు. షీట్లకి రెండు వైపులా ఉండే రక్షణ పొర తియ్యడం మర్చిపోతే మసగ్గా కనిపిస్తుంది. త్రీడీ సినిమా కళ్లజోళ్లు వాడకండి, వాటిల్లో చాలావరకు వర్తుల ధ్రువణం రకం, ఏ వైపు తిప్పి పెట్టారన్నదాన్ని బట్టి ఫలితం మారి అయోమయం పెడుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి: ఇది క్వాంటం సిద్ధాంతానికి రుజువు అని మాత్రం అనకండి. ఇంత కాంతి ఉన్నప్పుడు మాలూస్ 1809లో కనుక్కున్న నియమమే, కాంతిని తరంగంగా చూసే లెక్కే, దీన్నంతా వివరిస్తుంది. ‘ఇదే పని ఒక్కొక్క ఫోటాన్‌తో చేస్తే, ఒక్కోటి దాటుతుందా ఆగుతుందా అన్నది సంభావ్యత మాత్రమే’ అని చెప్పి ఆపితే నిజాయితీగా ఉంటుంది.

కాగితంతో ఆడే బీబీ84 ఆటకి జనం బాగా చేరతారు. 1984లో బెనెట్, బ్రాసార్డ్ ఇచ్చిన రహస్య తాళంచెవి పద్ధతి ఇది. పంపే మనిషి ఆలిస్, అందుకునేవాడు బాబ్. ఆలిస్ 40 కార్డులు తయారుచేస్తుంది. ఒక్కోదాని మీద నాణెం ఎగరేసి ఒక గుర్తు, కూడిక గానీ గుణకారం గానీ, మళ్లీ ఎగరేసి 0 గానీ 1 గానీ రాసి కవర్లో పెడుతుంది. బాబ్ కవరు తెరిచే ముందే నాణెం వేసి తన గుర్తు కవరు మీద రాయాలి. తెరిచాక గుర్తులు కలిస్తే లోపలి అంకె రాసుకుంటాడు. కలవకపోతే మళ్లీ నాణెం వేసి, పడిందే రాసుకుంటాడు. తర్వాత ఇద్దరూ గుర్తులు మాత్రమే పైకి చదువుతారు, అంకెలు కాదు. సుమారు 20 కలుస్తాయి. వాటిలో 10 బయటపెట్టి సరిచూస్తారు, మిగిలిన 10 తాళంచెవి.

మధ్యలో దొంగచాటుగా చూసే ఈవ్ కూర్చుంటే ఆమె కూడా బాబ్ లాగే చేసి, తన గుర్తునీ తనకి వచ్చిన అంకెనీ కొత్త కార్డు మీద రాసి పంపాలి, పాతది చించెయ్యాలి. కాబట్టి ఖాళీ కార్డులు ఇంకో 40 ఉంచండి. అప్పుడు సరిచూసిన అంకెల్లో సగటున నాలుగో వంతు తప్పుతాయి. 10 అంకెలే సరిచూస్తే ఈవ్ దొరక్కుండా తప్పించుకునే అవకాశం 5.6 శాతం, 20 సరిచూస్తే 0.3 శాతం. అంటే పద్దెనిమిది ఆటల్లో ఒకదాంట్లో ఆమె తప్పించుకోవడం మామూలే, ఆట పాడైందనుకోకండి.

పాడయ్యేది ఒక్క చోటే. గుర్తులు కలవనప్పుడు ఈవ్ నాణెం వెయ్యకుండా, కనిపించిన అంకెనే రాసేసుకుంటుంది. ఎదురుగా కనిపిస్తుంటే ఎవరైనా అదే చేస్తారు. అప్పుడు తప్పులు నాలుగో వంతే ఉన్నా, ఆలిస్ అంకెలన్నీ ఆమెకి తెలిసిపోతాయి. వాలంటీరు కళ్లు ఆ ఒక్క అడుగు మీదే ఉండాలి. కాగితం మీద ఈ నియమాన్ని కాపాడేది వాలంటీరు, ఫోటాన్ల దగ్గర ప్రకృతే కాపాడుతుంది అని చెప్పడానికి అదే సరైన సమయం కూడా. నాణెం బదులు ‘తోచింది రాయండి’ అంటే వరసగా నాలుగు సున్నాలు రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు, యాదృచ్ఛికత పోతుంది. మనుషుల ఎంపికలనే కావాలని వాడిన ప్రయోగం వేరే ఉంది: 2016 నవంబర్ 30న బార్సిలోనా దగ్గరున్న కాంతి పరిశోధన సంస్థ ఐసీఎఫ్‌ఓ నడిపిన బిగ్ బెల్ టెస్ట్. సుమారు లక్షమంది 0లు, 1లు నొక్కుతుంటే 12 ల్యాబుల్లో పరికరాలు వాటిని బట్టి కొలతలు మార్చుకున్నాయి. ప్రజలే ప్రయోగంలో భాగమైన కార్యక్రమాల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది అదే.

కోడింగ్ వర్క్‌షాప్ పెట్టేవాళ్లకి భౌతికశాస్త్రం కన్నా ఇన్‌స్టలేషనే ఎక్కువ సమయం తింటుంది. క్వాంటం ప్రోగ్రాములు రాయడానికి ఐబీఎమ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ క్విస్కిట్. దాని 1.0 వెర్షన్ 2024 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో పాత ఎగ్జిక్యూట్ ఫంక్షన్ తీసేశారు, ఏర్ సిమ్యులేటర్‌ని వేరే ప్యాకేజీగా తెచ్చుకోవాలి. నెట్‌లో దొరికే పాత నోట్‌బుక్కులు ఆ రెండు చోట్లే ఆగిపోతాయి. పాత వెర్షన్ ఉన్న చోటే దాని మీద కొత్తది ఎక్కించకండి, చెడిపోతుంది. ప్రతి ల్యాప్‌టాప్‌లో కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తెరిపించండి. ముప్పైమంది ఒకేసారి ఒకే వైఫై మీద డౌన్‌లోడ్ చేస్తే గంట పోతుంది, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ముందే ఉంచండి. అవి ఆపరేటింగ్ సిస్టమ్‌ని బట్టీ, పైథాన్ వెర్షన్‌ని బట్టీ మారతాయి కాబట్టి ఎవరి దగ్గర ఏముందో రిజిస్ట్రేషన్‌లోనే అడగాలి.

మొదటి ప్రోగ్రాం రెండు క్యూబిట్ల (క్వాంటం బిట్ల) బెల్ సర్క్యూట్: ఒకదాని మీద 0, 1లని సమానంగా కలిపే హాడమార్డ్ గేట్, తర్వాత రెండిటినీ ముడివేసే సీనాట్, తర్వాత కొలత. 1024 సార్లు నడిపితే 00, 11 సగం సగం రావాలి. సరిగ్గా 512 రాలేదని కంగారుపడేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అటూ ఇటూ 16 తేడా మామూలు, 32 దాకా కూడా వింతేమీ కాదు. అసలు క్వాంటం కంప్యూటర్ మీద నడిపితే 01, 10 కూడా కొన్ని వస్తాయి, అది పరికరంలోని దోషాల వల్ల. అక్కడ క్యూ ఎంతసేపుంటుందో చెప్పలేం కాబట్టి ముందురోజే నడిపి ఫలితం దాచుకోండి. క్విస్కిట్ సున్నా నంబరు క్యూబిట్‌ని కుడి చివర రాస్తుంది. బెల్ సర్క్యూట్‌లో ఇది తెలియదు, ఒక్క క్యూబిట్ మీద 0ని 1గా తిప్పే ఎక్స్ గేట్ పెట్టగానే ‘తిరగబడింది’ అంటారు. ఇది మొదటి పది నిమిషాల్లోనే చెప్పెయ్యాలి. ల్యాప్‌టాప్‌లో ఎన్ని క్యూబిట్లు పడతాయని అడిగితే, ఒక్కో సంఖ్యకి 16 బైట్ల చొప్పున 28 క్యూబిట్లకి 4 గిగాబైట్లు, 30కి 16. ఒక్కోటి పెరిగినప్పుడల్లా రెట్టింపు.

ఎంటాంగిల్‌మెంట్‌తో, అంటే రెండు క్యూబిట్లు ఇలా ముడిపడి ఉండటంతో, కాంతికన్నా వేగంగా కబురు పంపొచ్చా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. కుదరదని చెప్పి ఊరుకోకండి. అదే బెల్ సర్క్యూట్‌లో సీనాట్ తర్వాత రెండో క్యూబిట్ మీద వాళ్లకి నచ్చిన గేటు పెట్టమనండి, ఎక్స్ గానీ మళ్లీ హాడమార్డ్ గానీ. తర్వాత మొదటి క్యూబిట్‌ని మాత్రమే కొలిచి లెక్క చూడమనండి. ఏ గేటు పెట్టినా, అసలు పెట్టకపోయినా, అటూ ఇటూ 16 తేడాతో 512 దగ్గరే ఉంటుంది. రెండో వైపు ఏం జరిగిందో ఆ అంకెల్లో ఎక్కడా కనపడదు.