మా గ్రంథాలయ పత్రికకు పుటలు కట్టించిన వైనం: నా అనుభవం

కోనసీమలోని మా ఊరి గ్రంథాలయ సంఘం ఒక త్రైమాసిక పత్రిక మొదలుపెట్టింది. తొలి సంచిక మొన్ననే అచ్చయి వచ్చింది. నేను నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి విరమించినవాణ్ణి కనుక, పుటల రూపకల్పన భారం సంఘంవారు నా మీద పెట్టారు. కాలువల పటాలు గీసినవాడికి కాగితం మీద ఎక్కడ ఎంత ఖాళీ వదలాలో తెలియకపోదని వారి నమ్మకం. ఆ నమ్మకం వమ్ము కాలేదని గర్వంగానే చెప్పుకుంటాను. అయితే పుటను ఊహించడం ఒక ఎత్తు, దాన్ని డీటీపీ సెంటరు గడప దాటించడం మరొక ఎత్తు అయింది.

పరిమాణం తేల్చడం కష్టం కాలేదు. ఏ4 కాగితాన్ని మధ్యకు మడిచి పిన్ను కొట్టే పత్రికకు పుటలు నాలుగేసి చొప్పున పెరగాలి కనుక, అట్ట కాక 32 పుటలు అనుకున్నాము. ముఖచిత్రంగా కొబ్బరితోట, కాటన్ దొర విగ్రహం, అధ్యక్షులవారి ఫొటో మూడూ కావాలని కొందరు పట్టుబట్టగా, ధవళేశ్వరం ఆనకట్ట చిత్రం ఒక్కటే ఉంచి తక్కినవి లోపలికి పంపించాను. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతాయి. 5 అంగుళాల వెడల్పున స్ఫుటంగా అచ్చు కావాలంటే అడ్డంగా 1500 పిక్సెళ్లు ఉండాలి కనుక, డాక్యుమెంటుగా పంపించమని అందరినీ అడగాలి. అడిగినా సగం మంది వినరు.

అక్షరాల దగ్గరకు వచ్చేసరికి అసలు కథ మొదలైంది. పట్టణంలో మేము పని అప్పగించిన డీటీపీ సెంటరు పేరు చెప్పను. శుభలేఖలలో ఆ ఆపరేటరుది అందె వేసిన చేయి అని విన్నాను. అతను ఇప్పటికీ పుటలు కట్టే పాత సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్ మీదనే, అను అనే పాత తెలుగు ఫాంట్లతోనే పనిచేస్తాడు. మొదటి ప్రూఫు చూడగానే నా కళ్లు తిరిగాయి. పుట చుట్టూ లతల బోర్డరు, ప్రతి శీర్షిక కింద నీడ, చిన్న పుటలో రెండు కాలములు. అన్నిటికీ మించి, పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడుల మీద కూర్చున్నాయి.

దీనికి కారణం చెబుతాను. ఆ సాఫ్ట్‌వేరు తనంతట తాను వరుసల మధ్య దూరాన్ని అక్షర పరిమాణానికి 120 శాతంగా, అంటే 12 పాయింట్ల (పాయింటు అచ్చులో అక్షరాలను కొలిచే కొలత) అక్షరానికి 14.4 పాయింట్లుగా పెడుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు అది సరిపోతుంది. మన లిపిలో తలకట్టు, గుడి, ఏత్వం పైకి పోతాయి, వత్తులు కిందికి దిగుతాయి. ‘స్త్రీ’ వంటి అక్షరంలో రెండు వత్తులు ఉంటాయి. మొక్కకు మొక్క ఒరుసుకునేలా ఊడ్చిన చేలో పిలకలు రానట్లే, ఇంత ఇరుకున పెట్టిన వరుసలలో చదువు సాగదు. అందుచేత 18 పాయింట్లు పెట్టమని, కాలము ఒకటే చాలునని చెప్పాను. ‘గ్రంథాలయోద్యమకారులు’ వంటి మాట ఇరుకు కాలములో ఇమడక తరువాతి వరుసకు దూకితే, మిగిలిన రెండు మాటల మధ్య గుంటలు పడతాయి.

అందుకు ఆ ఆపరేటరు శుభలేఖల కోసం కూర్చున్నవారందరి ఎదుట, “బాబాయిగారండీ, పటాలు గీయడం వేరండి, పేజీ కట్టడం వేరండి. లైన్లు దూరం జరిపితే పేజీలు పెరిగిపోతాయండి. ఆ డబ్బులు మీరిస్తారేంటండి?” అన్నాడు. అందరూ నవ్వారు. మర్యాదకు లోటు లేకుండా ‘అండి’ చేర్చి మనిషిని తీసిపారేయడం మా ప్రాంతానికే చెల్లిన విద్య.

అవమానం ఒక ఎత్తయితే, అయోమయం దానిని మించిపోయింది. రచయితలు ఫోనులో యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరులోనైనా తెలుగుగానే గుర్తింపు పొందే పద్ధతిలో, టైపు చేసి పంపిన వ్యాసాలను అతను కన్వర్టరుతో అనులోకి మార్చేవాడు. ఆ మార్పిడిలో ‘రాష్ట్రం’ ఒక వత్తు పోగొట్టుకుంది. ఇంగ్లీషు పొడి అక్షరాలు అర్థంలేని తెలుగు ముక్కలయ్యాయి. గ్రంథాలయోద్యమ నాయకులు అయ్యంకి వెంకటరమణయ్యగారి మీద, 1914లో బెజవాడలో జరిగిన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ మీద వచ్చిన వ్యాసం అన్నిటికన్నా ఎక్కువగా చెడింది. ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చేవాణ్ణి. తరువాతి ప్రూఫులో కొత్త తప్పులు లేకపోయినా పాతవే తిరిగి ప్రత్యక్షమయ్యేవి. ఎందుకో చాలా రోజులు బోధపడలేదు. రచయిత ఒక వాక్యం మార్చి పంపినప్పుడల్లా అతను మొత్తం వ్యాసాన్ని మళ్లీ కన్వర్టరులో వేసి, దిద్దిన దాని మీద పరిచేస్తున్నాడని చివరకు పక్క కుర్చీలోని కుర్రాడు నాకు చెవిలో చెప్పాడు. ఆ ఫైలును రాజమహేంద్రవరంలోని ప్రెస్సుకు పంపితే అక్కడ తెరనిండా ఇంగ్లీషు అక్షరాలే కనిపించాయి. అను ఫాంట్లలో తెలుగు అక్షరపు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో ఉంటాయి కనుక, ఆ ఫాంటు లేని కంప్యూటరుకు అది తెలుగని తెలియదు.

ఇక నేనే పూనుకున్నాను. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీసు అనే సాఫ్ట్‌వేరులో, వచ్చిన వ్యాసాన్ని వచ్చినట్లే యూనికోడ్‌లో పరిచాను. వ్యాసాలకు మండలి, శీర్షికలకు రామభద్ర అనే యూనికోడ్ ఫాంట్లు వాడాను, రెండూ ఉచితమే. మండలికి ఒకే మందం ఉన్నది. బోల్డు నొక్కితే యంత్రం గీతను బలవంతాన లావు చేస్తుంది, అక్షరాల కడుపులు పూడుకుపోతాయి; కనుక నొక్కవద్దు. పక్కకు వాల్చడం అసలే వద్దు. అక్షరాలకు బూడిద రంగు వేస్తే ఆఫ్‌సెట్ అచ్చులో అది చుక్కలుగా పడి సన్నని గీతలు తెగుతాయి, నలుపే మేలు. లోపలి అంచున, మడత పడే వైపున, ఖాళీ ఎక్కువ వదిలాను. చివరకు ఫాంట్లు లోపలే ఇమిడిన పీడీఎఫ్ ఇస్తే, ప్రెస్సువారు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వరుసలు దూరం జరిపినా పుటలు పెరగలేదు. లతల బోర్డరు తీసేసిన చోటు దానికి సరిపోయింది.

పాత సెంటరువారు పేజీకి ఇంత చొప్పున మొత్తం 32 పేజీలకూ బిల్లు పంపారు. అచ్చుకు పనికిరాని పేజీలకు డబ్బు చెల్లించబోమని, బోర్డర్ల ప్రూఫులు జతపరచి, సంఘం తరపున జవాబు రాసి ఇచ్చాను.