మానిటర్ మంచిగనే ఉన్నది, మెగాకోడ్‌ల తప్పిన

నిన్ననే ఏసీఎల్ఎస్ (గుండె ఆగినోళ్లను మందులు, షాక్‌తోని కాపాడే శిక్షణ) కార్డు చేతికొచ్చింది. ఐసీయూ డ్యూటీలు చేసే నర్సు చెల్లెళ్లకు పనికొస్తదని మరిచిపోకముందే రాస్తున్న.

బీఎల్ఎస్, అంటే గుండె ఆగినోళ్లకు చేసే మొదటి సాయం, కష్టం కాదు. నిమిషానికి 100 నుంచి 120 కంప్రెషన్లు (ఛాతీ నొక్కుడు), కనీసం 5 సెంటీమీటర్ల లోతు, 30కి 2 శ్వాసలు. ఏసీఎల్ఎస్ రాత పరీక్ష 50 ప్రశ్నలు, 84 శాతం రావాలె. నాకు 47 వచ్చినయ్. కాజీపేటల రైలెక్కి హైదరాబాద్‌ల రెండు రోజులు కూర్చుంటే అయిపోయేదే, మెగాకోడ్ (బొమ్మ మీద చేసి చూపెట్టే పరీక్ష) లేకుంటే.

అండ్ల మనమే టీమ్ లీడర్. బొమ్మకు మొదట హార్ట్ రేటు 38, బీపీ పడిపోయింది. గుండె వేగం పెంచే మందు కోసం "అట్రోపిన్ ఒక ఆంపుల్" అన్న. డోసు 1 మి.గ్రా.; మన ట్రేల ఉండే ఆంపుల్ 0.6 మి.గ్రా. ఆంపుళ్లల్ల చెప్పొద్దు, మిల్లీగ్రాములే పలకాలె. తర్వాత వీఎఫ్ (గుండె కొట్టుకోక వణుకుడు). షాక్ ఇచ్చి వెంటనే 2 నిమిషాలు కంప్రెషన్లు, రెండో షాక్ అయినంక అడ్రినలిన్ 1 మి.గ్రా., మూడోది అయినంక గుండె లయ సరిచేసే అమియోడరోన్ 300 మి.గ్రా. మళ్ల మానిటర్ చూస్తే చక్కటి రిథమ్, రేటు 70. "రిథమ్ వచ్చింది, ఆపండి" అన్న.

"పల్స్ ఎవరు చూసిండ్రు సిస్టర్? పదకొండేండ్లు ఐసీయూల ఏం చేసినవ్?" అన్నడు ఇన్‌స్ట్రక్టర్, అందరి ముందట. ఆ మాట తీరు ఇప్పటికీ నచ్చలే. తప్పు మాత్రం నాదే. అది పీఈఏ: గుండెల కరెంటు నడుస్తున్నది, రక్తం నడుస్తలేదు. మెడ పక్కన కెరోటిడ్ రక్తనాళం మీద వేళ్లు పెట్టాలె, 10 సెకన్లు దాటొద్దు. పల్స్ తగలకుంటే మళ్ల కంప్రెషన్లు, అడ్రినలిన్, కారణం వెతుకుడు. షాక్ ఇయ్యొద్దు. వార్డుల మనం మానిటర్ చూసి డాక్టర్‌కు చెప్పుడే అలవాటు చేసుకున్నం, చెయ్యి పెట్టి చూసి నిర్ణయం చెప్పుడు ఎవరూ నేర్పలే. ఈ కోర్సు విలువంతా నాకు అక్కడనే కనబడ్డది.

ఇంకోటి. "ఎవరన్న అడ్రినలిన్ ఇయ్యండి" అంటే ఎవరూ ఇయ్యరు. పేరు పెట్టి పిలిచి డోసు చెప్పాలె, వాళ్లు "ఇచ్చిన" అనేదాక వినాలె. మందు వెనుక 20 మి.లీ. సెలైన్ పుష్ చేసి పేషెంట్ చెయ్యి పైకెత్తాలె.

మధ్యాహ్నం మళ్ల పెట్టిండ్రు, పాసైన.

ఫీజు సొంతంగనే కట్టిన. తనిఖీ వస్తదంటే కార్డు జిరాక్స్ అడిగే యాజమాన్యాలు ఆ రెండు రోజులు డ్యూటీ కూడ సర్దవు. లీవు ముందుగనే రాతల తీసుకోండ్రి.

కార్డు రెండేండ్లే, అది స్పెషాలిటీ అర్హత కాదు. దానికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వాళ్ల క్రిటికల్ కేర్ పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉన్నది, ఏడాది. సీసీఆర్ఎన్ (అమెరికా క్రిటికల్ కేర్ నర్సుల సర్టిఫికెట్ పరీక్ష) ఇక్కడినుంచే రాయిస్తమనే ఏజెంట్లకు పైసలు కట్టకుండ్రి. అమెరికా ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు లేకుంటే, రెండేండ్లల్ల 1,750 గంటల ఐసీయూ డ్యూటీ చూపెట్టినా ఆ పరీక్షకు కూర్చోనియ్యరు.