గుహ డైవింగ్‌లో లాంగ్ హోస్ కుడి పోస్టుకే (కుడి సిలిండర్ వాల్వుకే) ఎందుకు?

వీపున ట్విన్ సిలిండర్లతో నీటి కింది గుహ పైకప్పుకు రాసుకుంటూ ముందుకెళ్తే ఎడమ వాల్వు నాబ్ మూసుకునే వైపు తిరుగుతుంది, కుడిది తెరుచుకునే వైపు. శ్వాసించే గ్యాస్ అయిపోయినవాడి నోటికిచ్చే 7 అడుగుల లాంగ్ హోస్‌కి గ్యాస్ మూసుకుపోతే ఇంకేముంది! అందుకే అది కుడికి, వింగ్ (తేలడానికి గాలి నింపే సంచి) ఇన్‌ఫ్లేటర్ కూడా కుడికే. బ్యాకప్ (నోట్లో పెట్టుకుని శ్వాసించే రెండో రెగ్యులేటర్), ప్రెషర్ గేజ్ ఎడమకి.

ఎక్కువమంది పొరపడేది తొడిగే వరుసలో. ముందు బ్యాకప్‌ని బంగీతో (సాగే తాడుతో) మెడలో వేసుకోవాలి. లాంగ్ హోస్ ఆ తర్వాతే: వింగ్ వెనకగా కిందికి, నడుము దగ్గర లైట్ బ్యాటరీ డబ్బా కింద నుంచి, ఛాతీ మీదుగా ఎడమ భుజానికి, మెడ వెనక తిప్పి కుడివైపు నుంచి నోట్లోకి. డబ్బా లేదా? మిగిలిన హోస్ బెల్టులో దోపితే చాలు. వరుస తారుమారైతే హోస్ బంగీ కింద ఇరుక్కుంటుంది, లాగినా రాదు. దిగగానే ఒకసారి పూర్తిగా చాచి చూడండి, మెలికలుంటే అక్కడే దొరికిపోతాయి.