ఆదమియా గోడ

2007 ఏప్రిల్‌లో బాగ్దాద్‌లోని ఆదమియా చుట్టూ అమెరికా సైనికులు రాత్రిళ్ళు క్రేన్లు పెట్టి కాంక్రీటు దిమ్మెలు నిలబెట్టారు. పన్నెండడుగుల ఎత్తు, దాదాపు 5 కిలోమీటర్ల పొడవు, ఒక్కో దిమ్మె ఆరు టన్నుల పైనే. టైగ్రిస్ నది తూర్పు ఒడ్డున ఉన్న సున్నీల పేట అది, మూడు వైపులా ముస్లింలలోనే ఇంకో శాఖ అయిన షియాల వాడలు. బయటివాళ్ళు లోపలికొచ్చి చంపకూడదు, లోపలివాళ్ళు బయటికెళ్ళి బాంబులు పెట్టకూడదు, అదీ ప్లాన్.

ఆ ప్లాన్ ఊరికే రాలేదు. 2006 ఫిబ్రవరిలో సమర్రాలో షియాల పవిత్ర స్థలమైన అస్కరీ మసీదు గోపురాన్ని పేల్చేశాక రెండు వర్గాలూ ఒకరినొకరు చంపుకుని బాగ్దాద్‌లో శవాలు దొరకని రోజు లేదు. ఆ ఒక్క ఏడాదిలో ఇరాక్‌లో 34,000 మందికి పైగా మామూలు జనం చనిపోయారని ఐక్యరాజ్యసమితి లెక్క.

అక్కడి ఐడీ కార్డు మీద షియానో సున్నీనో రాసి ఉండదు, కానీ పేరుంటుంది కదా, అది చాలు. సున్నీల్లో కనిపించే ఒమర్ అనే పేరుతో షియా మిలీషియా (సాయుధ ముఠా) చెక్‌పోస్టు దాటడమంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే, షియాల్లో ఎక్కువగా వినిపించే అలీ అనే పేరుతో సున్నీల వాడలోకి వెళ్ళినా అంతే. అందుకే చాలామంది దొంగ కార్డు ఇంకోటి చేయించుకుని ఏ వీధిలో ఏది చూపించాలో గుర్తుపెట్టుకుని తిరిగేవాళ్ళు, కొందరు సున్నీలైతే అడిగితే చెప్పడానికి షియాలు కొలిచే పన్నెండు మంది ఇమాముల పేర్లు బట్టీ పట్టారు. ఆఫీసుకెళ్ళి ఇంటికి రావడానికి పడాల్సిన పాట్లు ఇవి!

తర్వాత హత్యలు తగ్గాయి, దాన్ని నేను కాదనను. అదనపు దళాలొచ్చాయి, పెద్ద స్థావరాల్లో ఉండే సైన్యాన్ని అక్కడి అమెరికా దళాల అధిపతి జనరల్ పెట్రేయస్ పేటల మధ్యలోకి దించారు. కానీ గోడలు లేచేనాటికే కలిసి బతికిన వాడలు చాలా ఖాళీ అయిపోయాయి, చంపాల్సినవాళ్ళని చంపి మిగిలినవాళ్ళని తరిమేశారు. మిలీషియాలు నెత్తురుతో గీసిన గీత మీదే సైన్యం కాంక్రీటు పోసిందని నాకనిపిస్తుంది, నన్ను బాధపెట్టేది అదే. శవాల లెక్క తగ్గితే గెలిచినట్టు రాసుకున్నారు, ఇల్లొదిలి పారిపోయినవాడు తిరిగొచ్చాడా అన్నది మాత్రం ఆ లెక్కలో వెనక్కి పోయింది. ఎవరిని కాపాడటానికని ఆ గోడ కట్టారో ఆ ఆదమియా జనమే వద్దని రోడ్డెక్కారు. ఇరాక్ ప్రధాని మాలికీ కూడా ఆపమన్నారు. అయినా పని సాగింది.

ఆదమియాకి ఎదురు ఒడ్డున కాజిమియా, షియాల పుణ్యక్షేత్రం. రెండింటినీ కలిపేది ఇమాముల వంతెన. 2005 ఆగస్టులో దాని మీద ఆత్మాహుతి దాడి అన్న పుకారు లేచి జరిగిన తొక్కిసలాటలో 900 మందికి పైగా యాత్రికులు చనిపోయారు. అప్పుడు ఆదమియా నుంచి ఒక సున్నీ కుర్రాడు నదిలోకి దూకి కొందరు షియా యాత్రికులని ఒడ్డుకి చేర్చాడు, మళ్ళీ మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళి చివరికి అలసిపోయి తనే మునిగిపోయాడు. ఆ కుర్రాడి పేటకే రెండేళ్ళు తిరక్కుండా గోడ కట్టాల్సి వచ్చింది.

తొక్కిసలాట తర్వాత మూసేసిన ఆ వంతెనని 2008 నవంబరులో తెరిచారు. ఆ రోజు రెండు ఒడ్ల నుంచీ జనం నడుచుకుంటూ వచ్చి వంతెన మధ్యలో కలుసుకున్నారు.