మాగాయ రెండుసార్లు

శనివారం, రాత్రి పదకొండున్నర.

పొద్దున్న ఏడింటికే పిన్నిగారి ఫోను. సొంత పిన్ని కాదు, మా వీధి చివర పచ్చళ్ళు పెట్టి అమ్మే ఆవిడ. నేను బెంగళూరు మారతహళ్ళికి వచ్చిన తొలి నెలలో మెస్సు భోజనం పడక నీరసించిపోతే, ఒక సీసా కందిపొడి చేతిలో పెట్టి డబ్బు తీసుకోలేదు. ఆ రుణం తీర్చుకుందామని నిరుడు ఆవిడ ఆర్డర్ల కోసం పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న సైటు రాసిచ్చాను. అప్పటినుంచి వడ్డీ కడుతూనే ఉన్నాను.

"బాబూ, ఆర్డరు చీటీలో మాగాయ రెండుసార్లు పడింది, గోంగూర లేదు. డబ్బు మాత్రం లెక్క ప్రకారమే వచ్చింది. చీటీ చూసి రెండు మాగాయలు కట్టి పంపేశాను. ఆర్డరిచ్చిన అమ్మాయి వైట్‌ఫీల్డ్ నుంచి ఫోను చేసి గోంగూర ఏదండీ అని అడుగుతోంది."

మంగళవారం సైటులోని ధరల లెక్కలో నేను ఒక మార్పు చేశాను. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. "చూస్తానండీ" అని మాత్రం అన్నాను. మార్పు చేశాక పరీక్షించలేదా అంటే, పరీక్షించాను. పావుకిలో ఆవకాయ ఒక్కటే ఆర్డరు పెట్టి, చీటీ సరిగ్గా వచ్చిందని చూసుకుని నిశ్చింతగా పడుకున్నాను.

పచ్చళ్ళ కొట్టుకు పీహెచ్‌పీ ఏమిటని ఆఫీసులో కుర్రాళ్ళు నవ్వుతారు. దాన్ని పుట్టించిన రాస్మస్ లెర్‌డార్ఫ్ 1995లో సొంత పేజీల కోసమే ఆ పనిముట్లను బయటపెట్టాడు. ఒక మనిషి సొంత పేజీకి సరిపోయింది మా పిన్నిగారి కొట్టుకు సరిపోదా? నవ్వాల్సింది నేను తప్పులు వెతికే పద్ధతి చూసి. పదేళ్ళుగా అదే తంతు. అనుమానం ఉన్నచోటల్లా లోపల ఏముందో అచ్చువేసి చూపే ప్రింట్ ఆర్ పెట్టడం, దాని కింద డై అని రాసి ప్రోగ్రామును అక్కడే చంపేయడం. మధ్యలో "ఇక్కడికి వచ్చింది", "ఇక్కడికీ వచ్చింది" అని అచ్చువేయడం. ఇంట్లో ఎలుక తిరుగుతోందని గదులన్నింటిలో పిండి చల్లినట్టుంటుంది. అడుగులు పడతాయి, ఎలుక దొరకదు.

ఈరోజు కూడా అలాగే చల్లాను. ధరలు కట్టే లూపు, అంటే జాబితాలోని పచ్చళ్ళను ఒక్కొక్కటిగా తిరిగి వచ్చే చుట్టు, అయ్యాక చూస్తే ఆవకాయ, మాగాయ, గోంగూర. చీటీ రాసే లూపు అయ్యాక చూస్తే ఆవకాయ, మాగాయ, మాగాయ. ఆ రెండో లూపులో ఉన్నవి మూడు లైన్లు. మూడూ జాబితాను చదివేవే, అందులో ఏదీ రాసేది కాదు. మరి గోంగూర ఎటు పోయింది?

పది దాటాక ఇక లాభం లేదని ప్రోగ్రామును మధ్యలో ఆపి లోపల చూపించే అసలైన డీబగ్గర్ కోసం వెతకడం మొదలుపెట్టాను. 5.6 వెర్షన్ నుంచి పీహెచ్‌పీతో పాటే పీహెచ్‌పీడీబీజీ అని ఒకటి వస్తోంది. అది కమాండ్ లైన్ మనిషి, ఆజ్ఞలు టైపు చేసి నడిపేది. నా గొడవ బ్రౌజర్ నుంచి వచ్చే ఆర్డరుతో కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. మిగిలింది ఎక్స్‌డీబగ్. డెరిక్ రెథన్స్ 2002 నుంచి దాన్ని సాకుతున్నాడు, నేను 2002 నుంచి కాకపోయినా చాలాకాలంగా దాన్ని వాయిదా వేస్తున్నాను.

దించుకోవడం తేలికే. పీహెచ్‌పీ తన సెట్టింగులన్నీ చూపించే ఇన్ఫో పేజీ మొత్తం కాపీ చేసి వాళ్ళ సైటులో అతికిస్తే, నీ కంప్యూటర్‌కు ఏ ఫైలు కావాలో అదే చెబుతుంది. చిక్కు ఆ తర్వాత. ఎప్పుడో దాచుకున్న పాత సూచనల ప్రకారం రిమోట్ ఎనేబుల్ అని సెట్టింగు రాశాను. ఎక్స్‌డీబగ్ తప్పని అనలేదు, ఒప్పని అనలేదు, ఆగమన్నచోట ఆగలేదు. గంటన్నర పోయాక తెలిసింది: 2020 నవంబరులో వచ్చిన మూడో వెర్షన్‌లో ఆ పేర్లే మారిపోయాయి. ఇప్పుడు మోడ్ అనేదానికి డీబగ్ అని విలువ ఇవ్వాలి. పోర్టు, అంటే రెండు ప్రోగ్రాములు మాట్లాడుకునే తలుపు నంబరు, కూడా 9000 కాదు, 9003. పాత నంబరు మీద సర్వర్లో పీహెచ్‌పీని నడిపే ఎఫ్‌పీఎం కూర్చునే అలవాటు ఉండటంతో దారి మార్చారు. నేను తలకిందులుగా అనుకున్న సంగతి ఇంకొకటుంది. నేను కోడు రాసే ఎడిటర్ వెళ్ళి పీహెచ్‌పీని పట్టుకుంటుందనుకున్నాను. కాదు, ఎడిటర్ తలుపు తీసుకుని కూర్చుంటుంది, పీహెచ్‌పీయే వచ్చి తట్టాలి. నేనేమో 9000 తలుపు దగ్గర కూర్చున్నాను.

సర్వర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టబోతుంటే కరెంటు పోయింది. మెట్ల మీద ఇంటి ఓనరు గొంతు, "ఊట ఆయ్తా?" అని, భోజనం అయిందా అని కన్నడంలో. ఆయ్తు అన్నాను, కాలేదు. మధ్యాహ్నం రెండున్నరకు చల్లన్నంలో పెరుగు పోసుకుని, నంజుకోవడానికి అదే మాగాయ తీశాను.

కరెంటు వచ్చాక చీటీ లూపు మొదటి లైను పక్కన ఇక్కడ ఆగమని ఎర్రచుక్క పెట్టి మూడు పచ్చళ్ళ ఆర్డరు పంపాను. ఆగింది! ఎడమవైపు జాబితా మొత్తం విప్పి కనిపిస్తోంది. ఒక్కో లైనూ కదిపాను. మొదటి చుట్టులో మూడో గడిలోని గోంగూర నా కళ్ళముందే ఆవకాయగా మారింది. రెండో చుట్టులో ఆ ఆవకాయ మాగాయ అయింది. మూడో చుట్టుకు అక్కడ మిగిలింది మాగాయే.

దొంగ ఆ లూపులో లేడు, పైలూపులో ఉన్నాడు. మంగళవారం ధరలు అక్కడికక్కడే మార్చడానికి ఫోర్‌ఈచ్‌ అనే ఆ లూపులో ఒక్కో పచ్చడినీ పట్టుకునే వేరియబుల్ పేరు ముందు & పెట్టాను. లూపు అయిపోయినా ఆ పేరు చివరి గడిని వదలదు. కింద చీటీ లూపులో మళ్ళీ అదే పేరు వాడాను. దాంతో ప్రతి చుట్టులోనూ చదివినదాన్ని తీసుకెళ్ళి చివరి గడిలో రాసింది. ఒక్కటే పచ్చడైతే తన మీద తనే రాసుకుంటుంది, తేడా తెలియదు. నా పరీక్ష అలా గట్టెక్కింది. ఆర్డరు మొత్తం సొమ్ము పైలూపులోనే కట్టేస్తాను కనుక డబ్బు తప్పలేదు. లూపు అయ్యాక ఆ పేరును అన్‌సెట్ చేయమని, అంటే వదిలించమని, పీహెచ్‌పీ మాన్యువల్‌లోనే హెచ్చరిక ఉంది. ప్రింట్ ఆర్ బదులు ఇంకాస్త వివరంగా చూపే వార్ డంప్ వేసినా మూడో గడి ముందు & గుర్తు కనబడి ఉండేది.

ఆ అన్‌సెట్ ఒక్క లైను రాశాను. ఈసారి మూడు పచ్చళ్ళతోనూ, రెండింటితోనూ, ఏడింటితోనూ చూశాను.

సాయంత్రం కొట్టుకు వెళ్ళి మంగళవారం నుంచి వచ్చిన చీటీలన్నీ ముందేసుకుని కూర్చున్నాం. ఒకటికి మించి పచ్చళ్ళున్న ఆర్డర్లు పదకొండు. అన్నింటిలోనూ చివరిది పోయింది. తప్పు నాదేనని అప్పుడు చెప్పాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పదకొండు పేర్లూ ఒకసారి చదివి, "మరి మిగతా పదిమందీ ఒక్క మాటైనా అడగలేదేం?" అంది. రేపు ఉదయం సీసాలు సర్దుకుని బయలుదేరాలి, ముందు వైట్‌ఫీల్డ్‌కు.